నురగ రాని మరక

మరకలక్కకి మనుషులు మొహాలతో గుర్తుండరు, మరకలతో గుర్తుంటారు. వీధిలో ఎవరైనా పెద్దమనిషి ఎదురై పలకరిస్తే ఆమె చూపు ఆయన మొహం మీద ఆగదు, తిన్నగా కాలరు మీదికి పోతుంది. "ఓహో, తలకి రంగేసుకునే లెక్చరరు గారు" అని లోపల అనుకుని, పైకి మాత్రం "బాగున్నారా సార్" అంటుంది. ఎవరి పెన్ను ఎవరి జేబులో కక్కిందో, ఎవరు ఎక్కడ తూలిపడి మోకాలు గీరుకున్నారో, ఏ ఆఫీసరు భుజం మీద ఎవరి లిప్‌స్టిక్ వాలిందో ఆమెకి తెలిసినంత పోలీసులకి కూడా తెలియదు. తెలిసినా చెప్పదు. ఇరవై రెండేళ్లుగా ఊరి పెద్దల పరువు ఆమె తొట్టిలోంచి కాలవలోకి పోతూనే ఉంది. అందుకే ఊరు అంత శుభ్రంగా కనిపిస్తుంది.

ఆమె పనిచేసే లాండ్రీలో వెనక గదే ఆమె రాజ్యం. సిమెంటు తొట్లు మూడు, రాతి బల్ల ఒకటి, బల్ల మీదికి వంగిన దీపం ఒకటి. గోడకున్న అర మీద సీసాలూ డబ్బాలూ. దేనికీ చీటీ ఉండదు. తెల్ల పొడులే అయిదు రకాలున్నాయి: వంటసోడా, ఉప్పు, గంజి పొడి, బొరాక్సు, టాల్కం. కళ్ళకి గంతలు కట్టినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు నలిపి ఏది ఏదో చెప్పేస్తుంది. సోడా మెత్తగా జారుతుంది, గంజి పొడి కిర్రుమంటుంది, ఉప్పు గుచ్చుకుంటుంది. ఒకసారి ఓనరు ఆమెని పరీక్షించాలని ఆరో డబ్బాలో పంచదార పోసి పెట్టాడు. ఆమె వేళ్ళతో నలిపి, "ఇది మీ టీలోకి, నా తొట్లోకి కాదు" అంది. జన్మలో తన చేతిరుమాలు తాను ఉతుక్కోని ఆ ఓనరు, ఆ రోజు నుంచి వెనక గదిలోకి వచ్చేటప్పుడు గొంతు సవరించుకుని వస్తున్నాడు.

ముందు గదిలో ఇస్త్రీ బాబాయ్ ఉంటాడు. ఇస్త్రీపెట్టె ఎప్పుడైనా చల్లారుతుందేమో గానీ ఆయన నోరు చల్లారదు.

మరకలక్కకి పెళ్లయింది, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్నది ఒక్కడే తమ్ముడు. అతన్ని అందరూ మైకు అంటారు. షాపు తెరిచినా, కంపెనీ వాళ్ళు పార్టీ చేసుకున్నా, స్కూలు పిల్లలు పరుగు పందెం పెట్టుకున్నా మైకు పట్టుకుని స్టేజీ మీద ఉండేది అతనే. ముప్పై నాలుగేళ్ళు. ఎప్పుడూ తెల్ల సూటే. "నల్ల సూట్లు వంద కనిపిస్తాయక్కా, తెల్లది ఒక్కటే కనిపిస్తుంది" అనేవాడు. అది నిజమే గానీ, తెల్లదాన్ని తెల్లగా ఉంచేది ఎవరో స్టేజీ కింద చప్పట్లు కొట్టేవాళ్ళకి అక్కర్లేదు. చప్పట్లు కొట్టేవాళ్ళకి చాలా విషయాలు అక్కర్లేదు.

ప్రతి సోమవారం సూటు వచ్చేది. గత ఆరు నెలలుగా దాని ఎడమ కాలరు మడత మీద ఎర్రటి చుక్కలు కూడా వస్తున్నాయి.

"సాసక్కా" అన్నాడు మొదటిసారి.

సాసు చుట్టూ నూనె వలయం కడుతుంది. ఇది కట్టలేదు. ఆమె పెరాక్సైడు సీసా తీసి ఒక్క చుక్క వేసింది. బుసబుసమని తెల్లటి నురగ పొంగింది. రక్తం మీద తప్ప ఆ చుక్క అలా పొంగదు. ఆమె పనిలో అంతకంటే నమ్మకమైన సాక్షి లేడు.

"సాసుకి నురగ రాదురా. ముక్కు కారిందా?"

"వేడక్కా. స్టేజీ లైట్లు కదా, నెత్తి మీద పొయ్యి పెట్టినట్టే."

వేడి అనగానే ముందు గది, వెనక గది ఒక్కటైపోయాయి. "వేడే" అన్నాడు ఇస్త్రీ బాబాయ్. "నేను రోజంతా నిప్పు పక్కన నిలబడతాను, వేడి సంగతి నాకు తెలియదా?" ఓనరు కూడా గొంతు సవరించుకుని, "వేడే" అన్నాడు. ముగ్గురూ కలిసి అతనితో బకెట్ల కొద్దీ నీళ్ళు తాగించారు. మైకు గటగటా తాగి, పాత సినిమా విలన్‌లా నవ్వి, గదిలో గిర్రున తిరిగి, పదకొండు కబుర్లు ఒకేసారి చెప్పి వెళ్లిపోయాడు. ఈమధ్య అతని మాట అలాగే ఉంది. ముందు మాట నోటిలోంచి బయటపడకుండానే వెనక మాట తోసుకొస్తుంది.

"నీ తమ్ముడికి నాలుకకి మోటారు బిగించారే" అన్నాడు బాబాయ్ ముచ్చటగా.

ఆమె చల్లటి నీళ్ళు, ఉప్పు, పెరాక్సైడు వాడి మరక తీసేసింది. రక్తానికి వేడి నీళ్ళు తగిలిస్తే దారంలోనే ఉడికి జన్మంతా ఉండిపోతుంది. అన్నీ చల్లగా, ఓపిగ్గా చెయ్యాలి. ఆమెకి రెండూ చేతనవును. వారం వారం చుక్కలు పెరిగాయి. చుక్కలు చారలయ్యాయి, చేతిరుమాళ్ళు వచ్చి చేరాయి, దిండు గలీబులు వచ్చాయి. ఆమె అన్నీ తీసేసింది. ఎంత బాగా తీసిందంటే, శనివారం సూటు తొడుక్కునేటప్పుడు ఆ తమ్ముడికి తన ముక్కు ఎప్పుడూ కారనే లేదేమో అనిపించేది.

ఇక అసలు సంగతి. ఒక గురువారం పొద్దున, వారం మధ్యలో ఇస్త్రీకని వచ్చిన సూటు జేబులు దులుపుతుంటే లోపలి జేబులోంచి బొటనవేలంత ప్లాస్టిక్ సంచి పడింది. కొత్త కోట్లతో పాటు అదనపు గుండీలు వేసి ఇస్తారే, అలాంటిది. గుండీలే అనుకుంది. దీపం కింద పెడితే లోపల తెల్ల పొడి. పక్కనే గొట్టంలా చుట్టిన విజిటింగు కార్డు.

చిటికెడు నలిపింది. సోడా కాదు. గంజి కాదు. ఉప్పు కాదు. బొరాక్సు కాదు, టాల్కం అసలే కాదు. ఇరవై రెండేళ్లలో తన వేళ్ళకి తెలియని తెల్ల పొడి చేతికి రావడం అదే మొదలు. మరొకరైతే భయపడేవారు. మరకలక్కకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఎదురు వీధిలో నెల కిందటే కొత్త లాండ్రీ తెరిచారు. గాజు తలుపులు, లోపల ఏసీ, కౌంటరు దగ్గర నవ్వే అమ్మాయి. "ఏ మరకైనా గంటలో" అని బోర్డు. ఆ బోర్డు చదివిన ప్రతిసారీ ఆమెకి అన్నం సయించేది కాదు.

"బాబాయ్! వీడు సూటు అక్కడ ఇస్తున్నాడు!"

"ఎవడు? ఎక్కడ?"

"నా తమ్ముడు! ఆ గాజు తలుపుల దగ్గర! ఇదిగో వాళ్ళ మందు జేబులో మర్చిపోయారు. ముందు అక్కడ ఉతికించి, పోనివి నా మొహాన పడేస్తున్నాడు."

బాబాయ్ ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చాడు. ఓనరు గొంతు సవరించుకోవడం కూడా మర్చిపోయి వచ్చాడు. ముగ్గురూ ఆ సంచీని దీపం కింద పెట్టి, పరాయి దేశపు ఫిరంగిని చూసినట్టు చూశారు.

"గంటలో ఏ మరకైనా అన్నారు కదా, చూద్దాం" అంది ఆమె. హోటలు వాళ్ళ బల్లగుడ్డ మీద పాత టీ మరక ఉంది. దాని మీద చిటికెడు పొడి వేసి, తడిపి, వేలితో రుద్దింది. కదల్లేదు. ఇంకొంచెం వేసింది. కదల్లేదు. మొత్తం సంచీ గుమ్మరించి నిమ్మరసం పిండి రుద్దింది. టీ మరక రాజాలా అలాగే కూర్చుంది.

"ఛీ" అంది మరకలక్క. ఆ ఒక్క ముక్కలో నెల రోజుల నుంచి సయించని అన్నమంతా ఉంది. "ఈ పనికిమాలిన పొడితోనా నాతో పోటీ?"

బాబాయ్ చప్పట్లు కొట్టాడు. ఓనరు అందరికీ టీ చెప్పాడు. ఆ పూట లాండ్రీలో పండగలాగే ఉంది. మరకలక్క కూనిరాగం తీస్తూ ఆ పొడినంతా తొట్లో జాడించి కాలవలోకి వదిలేసింది.

పదకొండు గంటలకి మైకు వచ్చాడు. మధ్యాహ్నం చెప్పుల షాపు ప్రారంభం ఉంది. వస్తూనే తలుపు చట్రం మీద తబలా వాయించాడు. "అక్కా, సూటు! పన్నెండుకి స్టేజీ, ఒంటిగంటకి రిబ్బను, రెండింటికి... బాబాయ్, చొక్కా బాగుందే, పిన్ని కొనిపెట్టిందా?"

మరకలక్క చేతులు కట్టుకుని నిలబడింది. "ఎన్నాళ్ళ నుంచి సాగుతోందిరా ఇది?"

"ఏది?"

"నా కళ్ళలోకి చూసి చెప్పు. నేను కాక ఇంకొకరి దగ్గరికి వెళ్తున్నావా లేదా?"

"ఎవరక్కా ఇంకొకరు?"

"నవ్వుతుందిగా కౌంటరు దగ్గర, ఆవిడ!"

బాబాయ్ మధ్యలో దూరాడు. "పోనీలే అమ్మా, వయసొచ్చినవాడు, పెళ్లి చేసేద్దాం."

"పెళ్లి కాదు బాబాయ్, ఉతుకు!" ఆమె ఖాళీ సంచీ అతని మొహం ముందు ఊపింది. "ఇది నీ జేబులో దొరికింది."

మైకు మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ వెనకాల దీపం ఆరిపోయింది. "ఇందులోది ఏదక్కా?"

"టీ మరక మీద వేశా."

"కొంచెమేనా?"

"మొత్తం. నిమ్మకాయ పిండి మరీ రుద్దా. మరక వెంట్రుక వాసి కదల్లేదు. మీ వాళ్ళతో చెప్పు, మరకలక్క నవ్వింది అని."

మైకు నోరు తెరిచాడు. తర్వాత అతని కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. "నిమ్మకాయా... అక్కా... టీ మరక మీద..." అంటూ రాతి బల్ల పట్టుకుని వంగిపోయాడు. అది అంటుకునే నవ్వు. బాబాయ్ నవ్వాడు, ఓనరు నవ్వాడు, కోపంగా ఉన్న మరకలక్క కూడా పెదవి బిగబట్టి, బిగబట్టి, పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో నలుగురిలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడి ముక్కులోంచి కొళాయి తిప్పినట్టు రక్తం ధారగా వచ్చింది.

ఆరు నెలలుగా ఆమె ఆ రక్తాన్ని మరకగానే చూసింది. మరక కాకముందు అది అంత ఎర్రగా, అంత తొందరగా ఉంటుందని ఆమెకి తెలియదు.

"తల వెనక్కి పెట్టు!" అని అరిచాడు బాబాయ్. "వెనక్కి, వెనక్కి" అన్నాడు ఓనరు. ముగ్గురూ కలిసి తల వెనక్కి వంచారు. రక్తం గొంతులోకి పోయి, కాసేపటికి మైకు అంతా తొట్లోకి కక్కాడు. ఒక చేతిరుమాలు, రెండు చేతిరుమాళ్ళు, ఒక తువ్వాలు. పావుగంటైంది, ఆగలేదు. "వేడి కాదిది" అన్నాడు బాబాయ్ సన్నగా. నిప్పు పక్కన నలభై ఏళ్లు నిలబడ్డ మనిషి అంత మాటన్నాక ఓనరు వ్యాను తాళాలు తీశాడు.

లాండ్రీ వ్యానులో, హోటలు దుప్పట్ల మూటల మధ్య కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ కుదుపుల్లో మరకలక్క బుర్ర ఒక్కొక్క ముక్కా అతికించుకుంది. మరకలు తీసే పొడి పోయిందని ఎవడూ ఆ మొహం పెట్టడు. ఏ మనిషీ కార్డుని గొట్టంలా చుట్టుకు తిరగడు. మరకలు ఎప్పుడూ ఎడమ కాలరు మీదే.

"ముక్కుతో పీలుస్తున్నావు కదూ?" అంది నెమ్మదిగా.

అతను తువ్వాల్లోంచి తల ఊపాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వచ్చీ రాగానే తల ముందుకి వంచింది, ముక్కు మెత్తటి భాగం రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. "తల వెనక్కి ఎవరు పెట్టమన్నారు?" అని అడిగితే బాబాయ్ ఓనరుని చూశాడు, ఓనరు గోడని చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి కారుతోంది?"

"ఇవాళే" అన్నాడు మైకు ముక్కుతో.

"ఎంత పోయింది?"

"కొంచెమే. నాలుగు చుక్కలు. స్టేజీ లైట్ల వేడి డాక్టరు గారూ."

"ముక్కులోకి ఏమైనా పీలుస్తావా?"

"నస్యం కూడా అలవాటు లేదు."

అక్క అతని కళ్ళలోకి చూసింది. అతను కళ్ళతోనే బతిమాలాడు. ఊరి పరువు ఇరవై రెండేళ్లు దాచిన మనిషి, తమ్ముడి పరువు దాచదా? దాస్తుందనే అతని ధీమా. ఇక్కడ నిజం బయటపడకపోతే డాక్టరమ్మ రెండు చుక్కల మందు రాసిచ్చి పంపేస్తుంది, సోమవారం మళ్ళీ సూటు వస్తుంది.

మరకలక్క వెంట తెచ్చిన గుడ్డసంచీ విప్పి, రక్తం పీల్చిన గుడ్డలు బల్ల మీద పరిచింది.

"నాలుగు చుక్కలు కాదమ్మా. చేతిరుమాలు పూర్తిగా తడవాలంటే చిన్న టీ గ్లాసులో సగం కావాలి. ఇవి రెండు. తువ్వాలు ఒకటిన్నర గ్లాసు. తొట్లో కక్కింది వేరే. ఇవాళ మొదలవ్వలేదు, ఆరు నెలలైంది. మొదట్లో వారానికి అయిదారు చుక్కలు, రెండో నెలకి చార, నాలుగో నెల నుంచి గలీబులు. పొడి పీలుస్తాడు. తెల్లది. సోడా కంటే నున్నగా, టాల్కం కంటే గరుగ్గా ఉంటుంది. నేను టీ మరక మీద వేసి చూశాను, పోలేదు."

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. "దేని మీద వేశారూ?"

"టీ మరక మీద."

ఆవిడ మొహం తిప్పుకుని రెండు క్షణాలు భుజాలు కదిలించింది. మళ్ళీ తిరిగేసరికి డాక్టరు అయిపోయింది.

ముక్కులో రక్తం కారే చోట మందుతో కాల్చి, గుడ్డ కూరే ముందు చిన్న లైటుతో చూసింది. కుడి రంధ్రంలో లైటు వేస్తే ఎడమ రంధ్రంలోంచి వెలుగు వచ్చింది. "ఆ మత్తుపొడి రక్తనాళాలని బిగించేస్తుంది. రక్తం అందక లోపలి పొర చచ్చిపోతుంది. నడిమి గోడకి శనగగింజంత కన్నం పడింది. ఇప్పుడు ఆపితే ముక్కు నిలుస్తుంది. ఆపకపోతే గోడ కూలుతుంది, ముక్కు కుంగిపోతుంది, గొంతు మారుతుంది. అంతకంటే ముందు గుండే ఆగొచ్చు."

"ఇంటికి గాలీ వెలుతురూ ఉండాలి గానీ ముక్కుకెందుకురా?" అన్నాడు బాబాయ్. అందరికంటే ముందు ఆయనే కళ్ళు తుడుచుకున్నాడు.

మైకు మంచం మీద పడుకుని, ముక్కు నిండా గుడ్డతో, బొంగురుగా అన్నాడు. "మొదట్లో భయం వేసేదక్కా. సోమవారం నీకు సూటు ఇచ్చేటప్పుడు చచ్చేంత భయం. శనివారం నువ్వు తెల్లగా ఇచ్చేసరికి ఏమీ కాలేదనిపించేది. నువ్వు అంత బాగా తీస్తావు మరి."

ఆమెకి జీవితంలో చాలామంది పని మెచ్చుకున్నారు. అలాంటి మెప్పు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పళ్ళు కొరికి, "ఇక తీయను" అంది.

"అయితే నల్ల సూటు కొనుక్కుంటా."

"నల్లది వేసుకున్న రోజు నా గుమ్మం ఎక్కకు. తెల్లదే వేసుకుంటావు. సోమవారం తెస్తావు. చుక్క కనిపిస్తే నేను ముట్టుకోను. ఆ చుక్కతోనే స్టేజీ ఎక్కుతావు."

అతను నవ్వబోతే ముక్కు నొప్పెట్టింది.

వారానికి రెండుసార్లు ఆసుపత్రిలోనే ఒక గదిలో కూర్చుని మాట్లాడాలన్నారు. మాట్లాడటం అతనికో లెక్క కాదనుకున్నాడు. తీరా చూస్తే అక్కడ మైకు లేదు, చప్పట్లు లేవు, నిజమే మాట్లాడాలి. మొదటి రోజు ముప్పావుగంటలో మూడు మాటలన్నాడట. మూడో వారం సూటు కుడి చేతి అంచు మీద గుండుసూది తలంత చుక్క వచ్చింది. ఆమె పెరాక్సైడు వేసింది. నురగ పొంగింది. మిగతా సూటంతా ఉతికి, ఇస్త్రీ చేయించి, ఆ చుక్క మాత్రం అలాగే వదిలేసింది. శనివారం ఆ కంపెనీ పార్టీ అంతా అతను కుడి చెయ్యి వీపు వెనక పెట్టుకునే నడిపించాడు. "ఎంత వినయమో" అని కంపెనీ పెద్దలు మెచ్చుకున్నారట. ఆదివారం పొద్దునే అక్క ఇంటికొచ్చి, ఫోనులో పొడి ఇచ్చేవాడి నంబరు ఆమె ముందే తీసేశాడు.

తర్వాత పదకొండు సోమవారాలు సూటు తెల్లగా వచ్చింది. చెమట, దుమ్ము, ఒకసారి కుర్చీ రంగు. ఆమె ప్రతిసారీ దీపం కింద అంగుళం అంగుళం వెతికి, ఏమీ లేక, చేతులు ఊరకే కడుక్కునేది.

పన్నెండో సోమవారం మైకు రాలేదు. సూటు ఎవరి చేతో పంపాడు. విప్పితే ఛాతీ మీద అరచెయ్యంత ఎరుపు.

ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది. ఓనరు గుమ్మంలో నిలబడ్డాడు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఆమె సూటుని రాతి బల్ల మీద పరిచి, దీపం వంచి, సీసా మూత తీసింది. మొదటి చుక్క గురి తప్పి బల్ల మీద పడింది. రెండోది ఎరుపు మీద పడింది.

ముగ్గురి తలలూ దాని మీదికి వంగాయి.

చుక్క అలాగే ఉంది. ఇంకో చుక్క. అలాగే ఉంది. నీళ్ళబొట్టులా మెరుస్తూ, ఏ తొందరా లేకుండా కూర్చుంది.

"నురగ రాలేదు" అన్నాడు బాబాయ్.

"ఉండు బాబాయ్, ఉండు." ఆమె ఇంకో మూలన వేసింది. రాలేదు. గోటితో గీకి వాసన చూసింది. అంచు చుట్టూ, దీపం కింద బంగారు గీతలా, సన్నటి నూనె వలయం.

"సాసు!" అని అరిచింది. "సాసు బాబాయ్! నిజం సాసు!"

సరిగ్గా అప్పుడే మైకు తలుపు తోసుకుని వచ్చాడు. "అక్కా, ఫోను చచ్చింది, సూటు అందిందా? తిట్టకు. మైకు ఒక చేతిలో, శాండ్‌విచ్ ఒక చేతిలో. ఏది ఏ చేతిలో ఉందో మర్చిపోయి శాండ్‌విచ్‌లో మాట్లాడేశా. మూడు వందల మంది ముందు. 'గౌరవనీయులైన' అనగానే..."

చెప్పడం పూర్తి కాలేదు. మరకలక్క ఆ సూటుని జెండాలా పైకెత్తి తొట్ల చుట్టూ తిరుగుతోంది. బాబాయ్ చప్పట్లు కొడుతున్నాడు. ఓనరు ఎందుకో తెలియకుండానే గొంతు సవరించుకుని టీ చెప్పాడు.

"ఏమైంది వీళ్ళకి?" అన్నాడు మైకు.

"కూర్చో" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. "కూర్చుని చూడు. దీన్ని నేను తీస్తాను."